సుబ్బిశెట్టి సీను

ఈ సంవాదంలో మాట్లాడే ఇద్దరూ నేను కూర్చుకున్న మనుషులు. వాళ్ళు తగువులాడుకునే నాటకం, ఉత్తర్వు, కోర్టు తీర్పులు మాత్రం నేను కూర్చినవి కావు.

2022 ఫిబ్రవరి నెల. గూడూరు వైపంతా నెల్లూరు జిల్లా నుంచి తెగి తిరుపతి కేంద్రంగా ఏర్పడే కొత్త జిల్లాలో కలుస్తుందని ముసాయిదా వచ్చి, చిల్లకూరులో ఏ నలుగురు చేరినా అదే మాట్లాడుకుంటున్న రోజులు. కరోనా వల్ల మూలపడ్డ తిరణాలలు మళ్ళీ మొదలవుతున్నాయి. అంతకు ముందు నెల 17వ తేదీన రాష్ట్ర ప్రభుత్వం ‘చింతామణి’ నాటకం ఎక్కడా ఆడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. అందులోని సుబ్బిశెట్టి పాత్ర తమ కులాన్ని కించపరుస్తోందని ఆర్యవైశ్య సంఘాలు చాలాకాలంగా చేస్తూ వచ్చిన ఫిర్యాదు అలా నెగ్గింది. కాళ్ళకూరి నారాయణరావు ఆ నాటకం రాసి అప్పటికి సుమారు నూరేళ్ళు.

శివరాత్రికి ఏ నాటకం కట్టిద్దామనే కమిటీ మాటలు ఒక కిరాణా అంగడి ముందు ఇలా దారి మళ్ళాయి. అంగడాయనది ఊళ్ళో చందాల పుస్తకంలో మొదటి పేజీలో ఉండే పేరు. రెండో ఆయన పద్యనాటకాలకు హార్మణీ వాయించి బతికిన పెద్దాయన.

శెట్టిగారు: ఎంతంటే అంత రాసుకోండి మేష్టారూ, సంతకం పెడతా. చింతామణి మాట మాత్రం ఎత్తబాకండి.

మేష్టరు: నేనెత్తితే మాత్రం ఎవరబ్బయ్యా వేయనిచ్చేది? గవర్నమెంటే తాళమేసిందే. ఇంకా నీకెందుకు దిగులు?

శెట్టిగారు: దిగులు కాదు. “నూరేళ్ళ నాటకాన్ని శెట్లంతా కలిసి పూడ్చిపెట్టారు” అని టీకొట్టు కాడ అన్నారంట మీరు.

మేష్టరు: అన్నా. ఇప్పుడు నీ ఎదురుగా కూడా అంటన్నా. కాకపోతే ఒక్క మాట దిద్దుకుంటా. పూడ్చింది శెట్లు కాదు, ప్రభుత్వం. మీరు అడిగారు. అడగడం మీ హక్కు. ఇచ్చిన వాడిది తప్పు.

శెట్టిగారు: తప్పెట్ట అవుద్ది? నేను ఆరో క్లాసులో ఉండంగా గూడూరు పక్కన ఒక తిరణాలలో మీరే హార్మణీ వాయించినారు. మా నాయన ముందు వరసలో కుర్చీ ఏసుకోని కూర్చోనుండాడు. అందరికంటే పెద్ద చందా ఆయనదే. సుబ్బిశెట్టి వేషం కట్టినాయన స్టేజీ అంచు దాకా వచ్చి, మా నాయన్ని చూపిచ్చి, “ఇదిగో మా పెదనాయన కూడా వచ్చుండాడు” అని ఒక మాట అన్నాడు. ఆ మాట ఈడ చెప్పను. జనం ఈలలు. మా నాయన కూడా నవ్వినాడు మేష్టారూ. నవ్వక ఏం చేస్తాడు? లేచిపోతే ఇంకా ఎక్కువ నవ్వుతారు. మర్నాడు బళ్ళో నా పేరు మారిపోయింది. పదో క్లాసు దాకా నేను సుబ్బిశెట్టినే.

మేష్టరు: ఆ మాట కాళ్ళకూరి వారిది కాదబ్బయ్యా. పుస్తకంలో లేదు.

శెట్టిగారు: పుస్తకం ఎవురు చూశారు? మేం చూసింది నాటకం.

మేష్టరు: అదే చెప్తన్నా. కాళ్ళకూరి వారు సంస్కర్త. సాని కొంపల చుట్టూ తిరిగి సంసారాలు ఎట్ట గుల్లయిపోతాయో చెప్పడానికి ‘చింతామణి’ రాశారు. కట్నాల మీద ‘వరవిక్రయం’ రాశారు, తాగుడు మీద ‘మధుసేవ’ రాశారు. ‘చింతామణి’లో బిల్వమంగళుడు బ్రాహ్మడు, భవానీశంకరం బ్రాహ్మడు. వాళ్ళూ మునిగారు, సుబ్బిశెట్టీ మునిగాడు. ఎవర్నీ వదిలిపెట్టలేదాయన. తర్వాత తర్వాత ఏమైందంటే, నాటకమంతా ఆడే ఓపిక పోయింది జనానికి. కాంట్రాక్టరు వచ్చి “భవానీ సీనొకటి, శెట్టి సీనొకటి చాలు” అనేవాడు. శెట్టి సీనుకు ఈల పడితే ఆ వేషగాడికి పై ఊళ్ళో ఇంకో నూరు జాస్తి. ఈల ఎక్కడ పడిందో ఆ మాటే పెరిగింది.

శెట్టిగారు: మీరు ఆపొచ్చు గదా. శ్రుతి మీ చేతిలోనే ఉండాది.

మేష్టరు: ఆపితే రెండో రోజు ఆ పెట్టె ముందు ఇంకోడు కూర్చుంటాడు.

శెట్టిగారు: మరి అంతేగా! మీరు ఆపలా, కాంట్రాక్టరు ఆపలా, జనం ఆపలా. చివరికి గవర్నమెంటు ఆపింది. ఇప్పుడు అందరికీ స్వేచ్ఛ గుర్తొచ్చింది.

(ఇక్కడ మేష్టరు కాసేపు మాట్లాడలేదు. ప్రసంగాల్లో భావస్వేచ్ఛ గురించి చెప్పేవాళ్ళు ఈ శెట్టిగారి ప్రశ్న దగ్గర ఆగకుండా దాటిపోతారు. నా మటుకు నాకు, దీన్ని దాటిన వాదం ఏదైనా సరే సగం వాదమే.)

మేష్టరు: సరే. బూతు కలిపారు. దానికి మందేంది? కలిపిన వాడి మీద కేసు పెట్టు. ఆ ఒక్క ప్రదర్శన ఆపించు. పుస్తకంలో ఉన్నట్టే ఆడాలని షరతు పెట్టించు. ఈ ఉత్తర్వు ఏం చేసిందో చూడు: పుస్తకం అమ్ముకోవచ్చు, ఇంట్లో కూర్చోని చదువుకోవచ్చు. పందిట్లో ఆడకూడదు, అంతే. అంటే ఏంది? చదువుకున్నోడు చెడిపోడు, చాప మీద కూర్చోని చూసేవాడు చెడిపోతాడు. సుబ్బిశెట్టిని కాపాడారో లేదో గానీ, కూలోణ్ణి మటుకు తక్కువ చేశారు.

శెట్టిగారు: ఈ మాట బాగుండాది. కానీ మా పిల్లోడు బళ్ళో దెబ్బ తినేది పుస్తకం వల్ల కాదు, పందిరి వల్లే.

మేష్టరు: దొరలు కూడా ఇట్టనే లెక్కేశారు. నీలిమందు తోటల దొరల దౌర్జన్యం మీద దీనబంధు మిత్ర ‘నీల్ దర్పణ్’ రాస్తే, అట్టాంటి నాటకాలు జనంలోకి పోతే ప్రమాదమని 1876లో చట్టమే తెచ్చారు. నాటకం ఆపడానికి కలెక్టరు చేతికి కత్తి ఇచ్చారు. ఆ చట్టం స్వతంత్రం వచ్చినాక కూడా పుస్తకాల్లో పడుండి, 2018లో గదా కేంద్రం తీసేసింది! తీసి నాలుగేళ్ళు అయ్యిందో లేదో, మనం మళ్ళీ ఇంకో దారిన అక్కడికే వచ్చాం.

శెట్టిగారు: దొరలు తమను తిట్టారని ఆపారు. మేం పాలించే వాళ్ళమా? అంగట్లో చింతపండు తూచుకునేటోళ్ళం. ఒక సంగతి చెప్పండి. ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ చట్టం ఉండాదా లేదా? నలుగురిలో కులం పేరు పెట్టి అవమానిస్తే జైలు. అది మంచి చట్టమా చెడ్డ చట్టమా?

మేష్టరు: మంచిదే.

శెట్టిగారు: అంటే మాట కూడా దెబ్బేనని ఒప్పుకున్నట్టే గదా. మరి ఒక కులానికి తగిలితే దెబ్బ, ఇంకో కులానికి తగిలితే కళా?

మేష్టరు: అట్ట కలపబాక. ఆ చట్టం 1989లో ఊరికే రాలేదు. 1985లో కారంచేడు జరిగింది. చట్టం వచ్చినాక కూడా 1991లో చుండూరు జరిగింది. అక్కడ కులం పేరుతో తిట్టిన నోటి వెనక గొడ్డళ్ళు ఉండాయి. ఆ తిట్టు విన్నోడు తిరిగి ఒక మాట అంటే తెల్లారేసరికి బతికుంటాడో లేదో తెలవదు. అందుకని అక్కడ మాటకు శిక్ష. నువ్వు చెప్పు, సుబ్బిశెట్టి మీద జోకు విన్నాక మీ వీధి మీద ఎవురన్నా పడ్డారా? మీ నాయన తిరిగి ఒక మాట అనుంటే ఆయనకేమన్నా అయ్యుండేదా?

శెట్టిగారు: ప్రాణం పోయేదాకా అవమానం లెక్కలోకి రాదంటారు.

మేష్టరు: లెక్కలోకి వస్తాది. పోలీసోడి లెక్కలోకి రాకూడదు అంటన్నా.

ఇక్కడ శెట్టిగారు గోడ మీది పటం వైపు చూశారు. నెల్లూరు జిల్లాలో ఆర్యవైశ్యుల అంగళ్ళలో వాసవీ మాత పక్కనే మరో పటం కూడా తరచు కనిపిస్తుంది.

శెట్టిగారు: పొట్టి శ్రీరాములు ఎవరు మేష్టారూ? మావాడే గదా. 1952లో తిండి మానేసి ప్రాణం ఇచ్చి రాష్ట్రం తెచ్చాడు. ఈ జిల్లాకు ఆయన పేరే పెట్టారు. అట్టాంటోడి కులాన్ని తీసుకోని ఊరూరా పందిరేసి కుక్కినోళ్ళు ఈ రాష్ట్రంలోనే ఉండారు.

మేష్టరు: మంచాయన పేరు ఎత్తావు. రాష్ట్రం కోసం చేసింది కాసేపు పక్కన పెట్టు. అంతకు ముందు నెల్లూరులో ఏం చేశాడో మీ నాయన చెప్పలేదా? హరిజనుల్ని గుళ్ళోకి రానియ్యాలని 1946లో మూలాపేట వేణుగోపాలస్వామి గుడి కోసం నిరాహారదీక్షకు కూర్చున్నాడు. తర్వాత హరిజనుల గురించి నినాదాలు రాసిన అట్టముక్కలు ఒంటికి తగిలించుకోని, చెప్పుల్లేకుండా, గొడుగు లేకుండా ఎండలో నెల్లూరు వీధుల్లో తిరిగేవాడు. పిచ్చోడన్నారు జనం. ఆ అట్ట మీది రాత ఆ వీధిలో ఉండే పెద్దల మనసుల్ని నొప్పించలేదా? మీ వాళ్ళనే నొప్పించలేదా? అందరి మనోభావాలూ దెబ్బతినే పని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేశాడాయన.

శెట్టిగారు: ఆయన చేసింది మంచికి.

మేష్టరు: ఇప్పుడు మంచి అంటన్నావు. ఆ రోజు ఎవురన్నారు? “ఈయన వల్ల మా మనోభావాలు దెబ్బతింటన్నాయి” అని ఒక పది మంది కలెక్టరుకు అర్జీ పెడితే, నువ్విప్పుడు చెప్పే లెక్క ప్రకారం ఆ అట్ట పీకెయ్యాల్సిందే. నొప్పి ఒక్కటే కొలత అయితే శ్రీరాములు ముందు ఓడిపోతాడు, సుబ్బిశెట్టి సీను తర్వాత ఓడిపోద్ది.

శెట్టిగారు: ఆయన పైనున్నోళ్ళని తన ఒంటి మీద అట్టతో ఎదిరించాడు. సుబ్బిశెట్టి వేషగాడు నవ్వుల కోసం, నూరు రూపాయల కోసం చేశాడు. రెండూ ఒకటే అంటే శ్రీరాములు ఆత్మ ఒప్పుకోదు.

మేష్టరు: రెండూ ఒకటే అని నేనూ అనను. ఏది శ్రీరాములో ఏది సుబ్బిశెట్టో తేల్చే పని సెక్రటేరియట్లో గుమాస్తాకు ఇవ్వబాక అంటన్నా.

(శెట్టిగారి అభ్యంతరంలో బలముంది. అంతరాత్మ కోసం మాట్లాడే మాట, గల్లాపెట్టె కోసం మాట్లాడే మాట ఒకే తూకం కావు. కానీ మన నేలలో మాటల్ని నిషేధించిన వాళ్ళు ఆ తూకం సరిగ్గా తూచిన దాఖలాలు తక్కువ. ‘మాలపల్లి’ నవల నిషేధించినప్పుడు తెల్లదొరలకు అది గల్లాపెట్టె పుస్తకంలా కనబడిందా? 1971లో నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు అనే ముగ్గురు దిగంబర కవులను నివారక నిర్బంధ చట్టం కింద జైల్లో పెడితే, వాళ్ళను విడిపించడానికి హైకోర్టు కావాల్సొచ్చింది.)

మేష్టరు: ఇంకో సంగతి. మీకు నొచ్చింది, సంఘం ఉంది, అర్జీ పెట్టారు. అదే నాటకంలో ఇంకెవురికి నొచ్చుద్దో ఆలోచించావా?

శెట్టిగారు: బ్రాహ్మలకా?

మేష్టరు: చింతామణికి. ఆమె తల్లి శ్రీహరికి. కూతుర్ని ముందు పెట్టి మగాళ్ళ మూటలు ఊడ్చే తల్లిగా నూరేళ్ళు చూపించారే శ్రీహరిని, ఆ కులంలో పుట్టిన ఆడబిడ్డలు బళ్ళో ఏం విన్నారు? నువ్వు పదో క్లాసు దాకా విన్నావు. వాళ్ళు పెళ్ళి పీటల దాకా విన్నారు. 1947లో దేవదాసీ చట్టం వచ్చినాక ఇంటిపేర్లు మార్చుకోని, ఊళ్ళు మార్చుకోని బతికిన కుటుంబాలు ఎన్ని ఉండాయో. వాళ్ళ తరపున నాటకం ఆపమని ఏ ప్రభుత్వమూ ఉత్తర్వు ఇవ్వలా. ఎందుకంటావు?

శెట్టిగారు: …వాళ్ళు అడగలేదేమో.

మేష్టరు: అడిగే స్థితిలో లేరు. ఓటు లెక్కలో వాళ్ళెంతమంది? ఉత్తర్వు నొప్పిని చూసి రాలేదు. ఎవురికి నొచ్చిందో చూసి వచ్చింది.

ఈ మాట దగ్గర నేనొక పక్కదోవ పట్టాలి. ఆ కులంలోంచే ఒకామె నోరు విప్పితే ఏమైందో మన సాహిత్య చరిత్రలో ఉంది. తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ రాసింది. వీరేశలింగం గారంతటి వారు ఆ కావ్యాన్ని, ఆమెను తూలనాడుతూ రాశారు. బెంగుళూరు నాగరత్నమ్మ పూనుకుని ఆ కావ్యాన్ని పరిష్కరించి 1910లో వావిళ్ళ వారి చేత అచ్చు వేయించింది. సిగ్గనేది ఆడవాళ్ళకేనా, మగకవులు రాసిన శృంగారం మాటేమిటని ఆమె పీఠికలో నిలదీసింది. మరుసటి ఏడు నుంచే సర్కారు వారు బూతు అంటూ ప్రతుల మీద పడ్డారు. ప్రకాశం పంతులు మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు గానీ ఆ నిషేధం తొలగలేదు. మళ్ళీ ముద్రణ వచ్చింది 1952లో. అంటే వేశ్యావ్యసనాన్ని ఖండించే నాటకం పల్లెపల్లెనా ఆడుతున్న కాలంలోనే, ఆ కులపు స్త్రీ రాసిన కావ్యం మీద తాళం ఉంది. వాళ్ళ గురించి మాట్లాడవచ్చు, వాళ్ళు మాట్లాడకూడదు. మేష్టరుకు ఈ సంగతి తెలిసి ఉంటే ఇంకా గట్టిగా కొట్టేవాడు.

శెట్టిగారు: మీరు చెప్పింది కాదనను. కానీ వాళ్ళకు జరగలేదు గాబట్టి మాకూ జరగకూడదనడం ఎట్ట న్యాయం? వాళ్ళకూ జరగాలి అనండి.

మేష్టరు: జరిగితే ఏం మిగులుద్ది? 2019లో ‘వాల్మీకి’ అని సినిమా తీశారు. బోయ సోదరులకు నొచ్చింది. విడుదల ముంగిట్లో ‘గద్దలకొండ గణేష్’ చేశారు. అదే ఏడాది ‘కమ్మ రాజ్యంలో కడప రెడ్లు’ అని ఇంకోటి. అది ‘అమ్మ రాజ్యంలో కడప బిడ్డలు’ అయ్యింది. పేరు మారితే ఎవురి నొప్పి తగ్గింది? హైదరాబాదులో 2018లో ఏం చేశారు? రాముడి మీద ఏదో అన్నాడని కత్తి మహేశ్‌ను ఆరు నెలలు నగర బహిష్కరణ చేశారు. దానికి ఎదురు యాత్ర చేస్తానన్న పరిపూర్ణానంద స్వామిని కూడా రెండు రోజుల్లో బహిష్కరించారు. ఇద్దర్నీ బయటికి పంపించేసి సమానంగా న్యాయం చేశామన్నట్టు కూర్చున్నారు. వాదం మాత్రం తేలలా.

శెట్టిగారు: గొడవలైతే? ఊళ్ళో అంగళ్ళు మూతబడితే నష్టం నాది, మీది కాదు.

మేష్టరు: ఆ మాట తమిళనాడు ప్రభుత్వం కూడా అనింది. రిజర్వేషన్ల మీద ‘ఒరే ఒరు గ్రామత్తిలే’ అని సినిమా వస్తే, ఆడనిస్తే గొడవలైతాయి అన్నారు. 1989లో సుప్రీంకోర్టు ఏమందంటే, బెదిరించే వాణ్ణి అదుపు చేయడం ప్రభుత్వం పని, బెదిరింపుకు భయపడి మాట్లాడేవాడి నోరు కట్టడం కాదు అని. ప్రమాదం ఎక్కడో ఊహల్లో ఉంటే చాలదు, నిప్పురవ్వకూ మందుగుండుకూ ఉన్నంత దగ్గరగా ఉండాలి అంది.

శెట్టిగారు: సుప్రీంకోర్టు మాకూ తెలుసు. 2017లో కంచ ఐలయ్య మా మీద పుస్తకం వేశాడు. పేరులోనే స్మగ్లర్లు అన్నాడు. నిషేధించమని పోతే కోర్టు కుదరదు పొమ్మంది.

మేష్టరు: మరి ఊరుకున్నారా?

శెట్టిగారు: నేను ఊరుకున్నా. కొందరు ఊరుకోలా. పరకాలలో ఆయన కారు మీద పడ్డారు. అది తప్పే. నాకు నచ్చలా. మావాళ్ళ మీద ఎవరో ఒకరు పిరికోళ్ళనే జోకు వేస్తారు, ఆ రోజు దాన్ని పోగొట్టుకుందామనుకున్నారో ఏందో.

మేష్టరు: ఆ పుస్తకం చదివావా?

శెట్టిగారు: పేరు చూసి చదవబుద్ధి కాలా.

మేష్టరు: ‘చింతామణి’ పుస్తకం?

శెట్టిగారు: అదీ చదవలా. ఎదురు ప్రశ్నలేసి గెలిచినట్టు నవ్వబాకండి. మీరెంత మాట్లాడే మనిషో నాకు తెలుసు గాబట్టి ఒకటి అడుగుతా. ఏరూరు, బల్లవోలు, మోమిడి వైపు సిలికా ఇసుక తవ్వకం ఉండాదే, దాని మీద ఒక బుర్రకథ కట్టండి. ఎవురు తవ్వతన్నారు, ఎంత లోతు పోతన్నారు, నీళ్ళు ఏమైపోతన్నాయి, లారీలు ఏ రాత్రి ఏ దారిలో పోతన్నాయి, అంతా కథలో పెట్టండి. శివరాత్రికి మన స్టేజీ మీదే చెప్పిద్దాం. కమిటీలో పెట్టి చూడండి.

మేష్టరు: …

శెట్టిగారు: ఏం మేష్టారూ? దాని మీద జీవో లేదు. ఏ సెక్షనూ లేదు. మనోభావాల సంఘం కూడా లేదు. అయినా మీ నోట్లోంచి రాదు. నా నోట్లోంచీ రాదు. లారీ డ్రైవర్లు నాకు ఖాతాదార్లు. కమిటీలో ఒకాయన కొడుక్కు ఆడ పని. ఇంకొకాయన పొలం పక్కనే గుంట. మీ మనవడు ఎవురి దగ్గర సూపర్‌వైజరో నేను చెప్పాల్నా? అంగట్లో ఆ మాట వస్తే అందరం గొంతు తగ్గిస్తాం. మీ స్వేచ్ఛకు గవర్నమెంటు ఒక్కటే శత్రువు అనుకుంటే మీరింకా స్టేజీ దిగలేదన్నమాట.

(నేను రాసుకున్న కాగితాల్లో ఈ చోట మేష్టరుకు జవాబు కోసం చాలాసేపు వెతికాను. చట్టం పుస్తకాల్లో దొరకలేదు. రాజ్యాంగం 19వ అధికరణం ప్రభుత్వం నుంచి కాపాడుతుంది. ఖాతాదారు నుంచి, కమిటీ నుంచి, మనవడి ఉద్యోగం నుంచి కాపాడే అధికరణం ఉండదు. ఏ నిషేధం రాకముందే గొంతు తగ్గించుకునే అలవాటు ఊరిని పట్టుకుంటే, తర్వాత వచ్చే ఉత్తర్వుకు చేయాల్సిన పని ఎక్కువ ఉండదు. ఇంతకీ ఈ మాట అన్నది నిషేధాన్ని సమర్థించే మనిషి.)

మేష్టరు: నువ్వన్నది నిజం. ఒప్పుకుంటా. కానీ ఈ జిల్లాలోనే గొంతు తగ్గించని వాళ్ళు కూడా ఉన్నారు గదా. దూబగుంట గుర్తుందా?

శెట్టిగారు: సారా గొడవ. రోశమ్మ.

మేష్టరు: అది ఎట్ట మొదలైంది? అక్షరదీపం బడులు. రాత్రిపూట అక్షరాలు నేర్చుకునే ఆడవాళ్ళ చేతికి వాచకం ఇచ్చారు. దాంట్లో సారా వల్ల సంసారం పాడైన కథ, ఆడవాళ్ళు ఏకమైతే ఏం జరుగుద్దో చెప్పే పాఠం. చదివినోళ్ళు ఊరుకోలా. కలిగిరి వైపు దూబగుంటలో అంగడి మూయించారు. ఆ వార్తే మళ్ళీ పాఠమై ఇంకో ఊరికి పోయింది. సారా కాంట్రాక్టర్లంటే అప్పుడు ఎట్టాంటోళ్ళో నీకు తెలుసు. ఆ పాఠం వాళ్ళకు మింగుడుపడలా. అయినా 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బందయ్యింది. ఒక పాఠం, కాసిని పేజీలు.

శెట్టిగారు: తర్వాత బ్రాందీ వచ్చింది లెండి.

మేష్టరు: వచ్చింది. దాని మీద ఇంకో పాఠం రాయాల. నేను చెప్పేది, ఆ వాచకాన్ని ఆపడానికి వీలున్న చెయ్యి ఏదో, చింతామణిని ఆపింది కూడా ఆ చెయ్యే. మీ పనికి దాన్ని పిలిచారు. ఇంకో రోజు ఇంకోడు పిలుస్తాడు. ఇసుక మీద ఎవురన్నా కుర్రోడు తెగించి పాట కట్టాడనుకో, “ఫలానా కులాన్ని కించపరిచాడు” అని ఒక అర్జీ చాలు. అర్జీ ఇసుక గురించి ఉండదు, కులం గురించే ఉంటాది.

ఈ మాట శెట్టిగారికి తగిలినట్టుంది. వేలితో గల్లా మీద ఏదో గీస్తూ కూర్చున్నారు. అయితే ఆయన లొంగిపోయాడని రాస్తే అబద్ధం అవుతుంది.

శెట్టిగారు: ఆ ప్రమాదం ఉండాది. కాదనను. కానీ చూడండి, రేపెప్పుడో ఎవురో కుర్రోడి పాట ఆగిపోద్దని ఈ రోజు మా పిల్లోణ్ణి బళ్ళో ఏడవమంటన్నారు. మీ స్వేచ్ఛకు పన్ను ఎప్పుడూ మేమే కట్టాల్నా?

మేష్టరు: నీ పిల్లోడు ఏడిస్తే బళ్ళో అయ్యవారు ఏం చేస్తన్నాడు? మొదట అడగాల్సింది ఆయన్ని గదా. ఎగతాళి చేసినోడి చెవి మెలెయ్యాల్సింది అక్కడ. మనం దాన్ని అక్కడ వదిలేసి అమరావతి దాకా పోయినాం.

శెట్టిగారు: బళ్ళో అయ్యవారు కూడా నవ్వాడు.

మేష్టరు: అయితే ఆయన మీద అర్జీ పెట్టు, నేనూ సంతకం పెడతా. సుబ్బిశెట్టి వేషానికి బూతులు కలిపినోడి మీద పెట్టు, దానికీ పెడతా. పుస్తకంలో లేని మాట ఎక్కడ ఎవురు కలిపారో గుర్తుండినంత చెప్తా. నాటకం మొత్తం ఆపమంటే పెట్టను. రెండేళ్ళు కరోనాకు పస్తులున్నారు ఆ వేషగాళ్ళు. పందిళ్ళు లేస్తన్నాయనుకునేసరికి ఈ ఉత్తర్వు. చింతామణి వేషం కట్టే ఆడమనిషికి ఏడాదిలో సగం కూడు ఆ ఒక్క వేషం. ఆమె మనోభావాలు ఏ జీవోలో ఉండాయి?

శెట్టిగారు: హైకోర్టులో వేశారంట గదా. ఎంపీ ఒకాయన కూడా వేశాడంట.

మేష్టరు: వేశారు. చూద్దాం.

శెట్టిగారు: కోర్టు ఆడుకోమంటే?

మేష్టరు: ఆడతాం. అచ్చు పుస్తకం ప్రకారం. ఒక్క పిచ్చి మాట కలిపినా హార్మణీ మూసి లేచిపోతా. నీ మీద ఒట్టు.

శెట్టిగారు: ఆడినా నా చందా ఉండదు.

మేష్టరు: ఉండాల్సిన పనేముంది? నీ డబ్బు నీది. ఇయ్యబాక, రాబాక, వీధిలో నిలబడి నాటకం బాగలేదని తిట్టు. నెల్లూరు ‘జమీన్ రైతు’కు ఉత్తరం రాయి. స్వతంత్రానికి ముందు నుంచీ ఎంతమందిని ఏకిపెట్టిందో ఆ పత్రిక, నన్నూ ఏకిపెట్టించు. ఆడేవాణ్ణి ఆపబాక, అంతే.

శెట్టిగారు: మళ్ళీ అదే. తిట్టడానికి మీకు స్టేజీ, మైకు, లైట్లు, హార్మణీ. జవాబు చెప్పడానికి నాకు పోస్టు కవరు.

ఈ దెబ్బకు మేష్టరు నిజంగానే కదిలాడు. కళలో ఉన్నవాళ్ళకు తమ చేతిలో ఉన్న మైకు కనబడదు.

మేష్టరు: ముందు ఈ శివరాత్రి సంగతి తేలనీ. ‘వరవిక్రయం’ కట్టిద్దామా? అదీ కాళ్ళకూరి వారిదే. కట్నాల కథ. సింగరాజు లింగరాజు వేషానికి నా దగ్గర మంచి మనిషి ఉండాడు.

శెట్టిగారు: ఆ లింగరాజు పిసినారి గదా. వాళ్ళ కులమోళ్ళకు నొచ్చితే?

మేష్టరు: ఇన్నాళ్ళూ నొచ్చలా.

శెట్టిగారు: ఇన్నాళ్ళూ మాకు జీవో రాలా. ఇప్పుడొచ్చింది. వాళ్ళూ చూస్తా ఉంటారు.

మేష్టరు: అబ్బయ్యా, ఇప్పుడు నా వాదం నువ్వు చెప్తన్నావు.

శెట్టిగారు: వాదం కాదు, జాగ్రత్త. హరిశ్చంద్ర పెట్టించండి, గొడవ ఉండదు. అయిదు వేలు రాసుకోండి. కోర్టు ఒప్పుకుని రేపెప్పుడన్నా చింతామణి కట్టిస్తే, ఆ పుస్తకంలో నా పేరు కొట్టెయ్యండి. ఎందుకు కొట్టేశారో కూడా మైకులో చెప్పండి.

మేష్టరు: నేనెందుకు చెప్పాలి, నువ్వే చెప్పు. తెర లేచే ముందు మైకు నీకిస్తా. సుబ్బిశెట్టి వేషగాణ్ణి కూడా పక్కన నిలబెడతా. మీ నాయన సంగతి, బడి సంగతి, నీ ఇష్టమొచ్చినట్టు అయిదు నిమిషాలు మాట్లాడు. తర్వాత నాటకం.

శెట్టిగారు: నూరేళ్ళ నాటకానికి అయిదు నిమిషాలా మేష్టారూ? అరగంట అన్నా ఇయ్యండి.